సున్నపు బొట్టు

ఆ ఊళ్లో అందరూ సున్నం కాల్చి బతికేవాళ్లే. ఊరి చుట్టూ తెల్లరాయి గుట్టలు, గుట్టల కింద బట్టీలు, బట్టీల పక్కన మనిషెత్తు కట్టెల దొంతులు. గాలి వీచినప్పుడల్లా సున్నం దుమ్ము లేచి చెట్ల మీదా గేదెల మీదా పడేది. పుట్టిన దూడ కూడా వారం తిరక్కుండా నెరిసినట్టు కనబడేది.

చేతిలో ఎప్పుడూ సున్నం ఉండేవాళ్లకు బొట్టు పెట్టడం అలవాటైపోయింది. రాయిని తిప్పి చూసి, బాగుందని తేలితే దానిమీద బొటనవేలితో ఒక సున్నపు బొట్టు. కట్టె ఎండిందని తేలితే ఒక బొట్టు. తొట్టి కడిగితే బొట్టు, మేకకు మందు తాగిస్తే బొట్టు. బొట్టు పడిందంటే దాన్ని ఎవరో చూసేశారని అర్థం. ఇక రెండోసారి చూసే పని ఎవరూ పెట్టుకోరు. ఈ పద్ధతి వల్ల వాళ్లకు ఎంతో సమయం కలిసొచ్చింది. ఎంత కలిసొచ్చిందంటే, దేన్నయినా ఆగి చూడటమనేది ఆ ఊళ్లో దాదాపు అందరూ మరిచిపోయారు.

మరిచిపోనిది ఒక్క కట్టెలక్కే. దొంతులు పేర్చడం ఆమె పని. అడవి నుంచి వచ్చిన కట్టెలో లావుదీ సన్నదీ వేరుచేసి, గాలి ఆడేటట్టు అడ్డమూ నిలువూ పేర్చి, బట్టీకి కావలసినప్పుడు తీసిస్తుంది. ముప్పై ఏళ్లుగా అదే పని చెయ్యడంతో కన్నవాళ్లు పెట్టిన పేరు ఎటో పోయి కట్టెలక్క అన్న పేరు మిగిలింది. మొగుడు పోయాడు. కొడుకు బట్టీలో రాళ్లు మోస్తాడు. కోడలు కొత్తగా కాపురానికి వచ్చింది.

దొంతి అన్నాక పాములుంటాయి. కట్టెల సందుల్లో ఎలుకలు పిల్లల్ని పెడతాయి, ఎలుకల కోసం పాములు వస్తాయి. కట్టెలక్క పెద్ద దొంతిలో ఒక జెర్రిపోతు ఉండేది. ఆరడుగుల పైచిలుకు పొడవు. ఎప్పుడో బండి చక్రం కింద పడి దాని తోక కొస తెగిపోయింది. ఆమె దాన్ని మొండోడు అని పిలిచేది. కొడుక్కి మీసం రాకముందు నుంచీ అది ఆ దొంతిలోనే ఉంది. అది కాక చిక్కుడు పందిరి మీద పసిరిక పాములుండేవి, తొట్టి పక్క మురుగులో నీరుకట్టు పాములుండేవి, రాళ్ల సందుల్లో అచ్చం కట్లపాములాగే పట్టెలున్న చిన్న పాములుండేవి. వీటిలో దేనికీ విషం లేదు. అసలు కట్లపాము గాని, నాగుబాము గాని కనబడేది ఏడాదికి ఒకటో రెండో.

కట్టె లాగే ముందు కట్టెలక్క ఒక చెక్కముక్కతో దొంతి అంచు మీద మూడుసార్లు తట్టేది. "తప్పుకో నాయనా, పనుంది" అనేది. అని కాసేపు ఆగేది. లోపల ఏదో జారిన చప్పుడయ్యేది. ఉన్నది కాస్తా అవతలి వైపు నుంచి దిగి వెళ్లిపోయేది. పొయ్యిలోకి కట్టె కోసం వచ్చే ఆడవాళ్లు కూడా ఆమెను చూసి అట్లాగే తట్టేవాళ్లు. కొత్త కోడలు మొదటి వారం దొంతి దగ్గరికి వెళ్లడానికే వణికింది. తట్టడం నేర్చుకున్నాక కాస్త తేరుకుంది.

ఇళ్లలో పాము కనబడినప్పుడు ఊరు చేసే పని ఒకటే. ఒకరు కర్ర తీసుకుని నిలబడేవాళ్లు, ఇంకొకరు కట్టెలక్క కోసం పరిగెత్తేవాళ్లు. ఆమె వచ్చి, గొంతుక్కూర్చుని చూసేది. తల చూసేది, కన్ను చూసేది, వీపు మీద పొలుసు చూసేది, పట్టెలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో చూసేది. "ఇది పాపం పిచ్చిది, పోనీండి" అంటే కర్ర దిగేది. "ఇది మంచిది కాదు, దూరం జరగండి" అంటే అందరూ జరిగేవాళ్లు, ఆమె దాన్ని కుండలోకి ఎక్కించి గుట్ట అవతల వదిలి వచ్చేది. ఆమె చెప్పేదాకా కర్ర లేవకూడదని ఎవరూ దండోరా వెయ్యలేదు. అట్లా జరిగిపోతూ ఉండేది, అంతే.

ఒకసారి చెల్లెలికి ఒంట్లో బాగాలేదంటే కట్టెలక్క పొరుగూరు వెళ్లి మూడు రోజులుండి వచ్చింది. తిరిగి వచ్చేసరికి ఊరి మొదట్లో కంచె మీద ఏడు పాములు ఉతికి ఆరేసినట్టు వేలాడుతున్నాయి. గోడలకు వెల్ల వేసే అతను కంచె పక్కనే ఉన్నాడు. పెళ్లికొడుకులా తల ఎగరేసి నిలబడ్డాడు.

"ఏడూ నేనే కొట్టానక్కా. ఒక్కటీ తప్పించుకోలా" అన్నాడు.

ఆమె ఒక్కొక్కదాన్నీ తిప్పి చూసింది. నాలుగు నీరుకట్లు, రెండు పసిరికలు, ఒకటి పట్టెల పిల్ల. మొండోడు వాటిలో లేడు. అయినా ఆమెకు కళ్లనీళ్లు ఆగలేదు. కంచె పట్టుకుని అక్కడే కూలబడి, తన మనిషి పోయినట్టే ఏడ్చింది.

"ఒక్కదానికీ విషం లేదురా" అంది చివరికి.

వెల్ల వేసే అతని ముఖం చిన్నబోయింది. చెడ్డవాడు కాదతను. పిల్లలు గలవాడు, పాముకు భయపడేవాడు. "నువ్వు ఊళ్లో లేకపోతివి. మాకెట్టా తెలుస్తదక్కా?" అన్నాడు.

అప్పటికే బట్టీ మేస్త్రీ వచ్చి నిలబడ్డాడు. ఊళ్లో పెద్దరికం ఆయనదే. "వాడన్నదాంట్లో తప్పేముంది? నువ్వు ఎల్లకాలం ఉంటావా? రేపు నువ్వు లేనినాడు మాకు దారేంది?" అన్నాడు.

ఆ మాట ఆమెను మూడు రోజులు తిండి తిననివ్వలేదు. చూడటం నేర్పాలంటే ఏళ్లు పడుతుంది, తనకు నాన్న నేర్పడానికి పదేళ్లు పట్టింది. ఈలోపు ఎన్ని చస్తాయి? మొండోడు ఎంతకాలం మిగులుతాడు? ఎంత తెలిసిన మనిషైనా ఆమె కూడా ఆ ఊళ్లో పుట్టి, ఆ ఊరి గాలి పీల్చినదే. నాలుగో రోజు పొద్దున్నే ఆమె బుర్రలోకి కూడా ఆ ఊరి ఆలోచనే వచ్చింది. లేచి మేస్త్రీ ఇంటికి వెళ్లింది.

"విషం లేనివాటికి నేను బొట్టు పెడతాను తమ్ముడూ. బొట్టు ఉన్నదాన్ని మీరు కొట్టొద్దు" అంది.

మేస్త్రీ మొహం విప్పారింది. "ఇన్నాళ్లూ ఈ ముక్క తట్టలేదేందక్కా మనకి!" అన్నాడు.

ఆమె సున్నంలో తుమ్మబంక కలిపి, వానకు కరగకుండా చిక్కగా నూరింది. మొదటి బొట్టు మొండోడికే. దొంతికి ఇవతల మూడుసార్లు తట్టి, గబగబా అవతలికి వెళ్లి కూర్చుంది. అది దిగి రాగానే మెడ వెనక ఒడిసి పట్టుకుంది. మొండోడు ఒళ్లంతా మెలితిప్పి, మణికట్టు పట్టుకుని కరిచాడు. రక్తం చిమ్మింది. "కరువు నాయనా, కరువు. నీ మంచికే" అంటూ తల మీద తెల్లగా, గుండ్రంగా బొట్టు పెట్టింది. నెల తిరిగేలోపు ఊళ్లో ఉన్న విషం లేని పాములన్నిటికీ బొట్లు పడ్డాయి. ఆమె రెండు చేతుల నిండా గాట్లు పడ్డాయి.

ఆ తర్వాత వచ్చిన కాలం ఆమె జీవితంలోకెల్లా చల్లని కాలం. తొట్టి పక్క నీరుకట్టు కదిలితే, బొట్టు చూసి ఆడవాళ్లు బిందెలు నింపుకుని వెళ్లేవాళ్లు. కర్రలన్నీ చూరులోకి ఎక్కాయి. చిక్కుడుకాయలు కోస్తున్న కోడలు పసిరికను చూసి, "అత్తా, ఇది పేరంటానికి పోతన్నట్టుంది" అని పకపకా నవ్వింది. అప్పటికామె నెల తప్పి ఉంది. ఆ నవ్వు వింటే కట్టెలక్కకు కడుపు నిండిపోయింది.

బొట్టు మాసినప్పుడల్లా ఆమె దిద్దేది. మొండోడికి ఆ పద్ధతి అలవాటైంది. మూడుసార్లు తట్టగానే అవతలి వైపు నుంచి దిగి వచ్చి, ఆమె కాళ్ల ముందు ఆగి, తల కొంచెం పైకెత్తి, ముందుకు చాపేవాడు. పట్టుకోవలసిన పనే ఉండేది కాదు. ఆమె బొటనవేలు ఆనించి, "పో నాయనా" అనగానే నిదానంగా వెళ్లిపోయేవాడు. ఇంతకుముందు మనిషి అడుగు వినబడితే చాలు, బాణంలా పోయేవాడు. ఇప్పుడు మనుషుల మధ్య నుంచే తిరుగుతున్నాడని ఆమె మురిసిపోయింది. మురిసిపోవలసిన విషయమో కాదో అప్పుడామెకు తోచలేదు.

ఒకటి మాత్రం ఆమె గమనించింది. ఆడవాళ్లు దొంతి మీద తట్టడం మానేశారు. పాము కనబడితే తన కోసం ఎవరూ పరిగెత్తి రావడం లేదు. పాము ఎట్లా ఉందో కూడా ఎవరూ చూడటం లేదు. తెల్లగా ఉందా లేదా, అంతవరకే చూస్తున్నారు. పోనీలే, పని తప్పిందనుకుని దొంతుల మీద పడింది.

శీతాకాలం చివర్లో ఒకనాటి ఉదయం పెద్ద దొంతిలోంచి కట్టె లాగుతుంటే, దాని వెంట సన్నని తెల్లని పొర ఒకటి జారి చేతిలో పడింది. పాము కుబుసం. ముప్పై ఏళ్లలో అట్లాంటివి వందలు తీసి అవతల పారేసింది. ఇది మాత్రం చేతిలో అట్లాగే ఉండిపోయింది. కుబుసం తల మీద ఆమె పెట్టిన బొట్టు ఉంది. గుండ్రంగా, చెక్కు చెదరకుండా, తుమ్మబంక పట్టుతో అట్లాగే ఉంది.

పాము కుబుసం విడుస్తుందన్న సంగతి ఆ ఊళ్లో పసిపిల్లకు కూడా తెలుసు. తనకు తెలియదా? తెలిసీ ఎట్లా మరిచిపోయింది? బొట్టు పెట్టాలన్న ఆత్రంలో, ఎవరికి పెడుతున్నానన్న సంగతే మరిచిపోయింది. "ఎంత పని చేశానురా దేవుడా" అని నెత్తి కొట్టుకుంటూ సున్నపు గిన్నె తీసుకుని వీధుల వెంట పరిగెత్తింది.

అప్పటికే ఆలస్యమైంది. తొట్టి దగ్గర రెండు నీరుకట్లు తలలు చితికి పడి ఉన్నాయి. ఒళ్లు కొత్తగా నిగనిగలాడుతోంది. వెల్ల వేసే అతను కర్ర కడుక్కుంటున్నాడు.

"ఇవి మనవేరా! నేను బొట్టు పెట్టినవే!" అంది.

"మరి బొట్టేదక్కా?"

"కుబుసం విడిచాయి."

మేస్త్రీ కూడా అక్కడే ఉన్నాడు. ఆయన నెమ్మదిగా అడిగాడు: "విడవమని మనం చెప్పామా?"

ఆమె సున్నపు గిన్నె కింద పెట్టింది. "మళ్లీ నన్ను పిలవండి తమ్ముడూ. మునుపట్లాగే నేనొచ్చి చూసి చెప్తా" అంది.

"మళ్లీ మళ్లీ అడిగే పని లేకుండా ఉండేదానికేగా బొట్టు పెట్టింది? మళ్లీ అడగాల్సి వస్తే బొట్టెందుకు?"

"అయితే బొట్టు సంగతి మరిచిపోండి. నాదే తప్పు. చూడటం నేర్పుతా, రండి. ఒక్కొక్కరికీ నేర్పుతా."

ఎవరూ కదల్లేదు. బట్టీకి వేళవుతోందని ఒకరు, పొయ్యి మీద అన్నం ఉందని ఒకరు వెళ్లిపోయారు. మేస్త్రీ మాత్రం ఆగి, ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "బాధపడబాకక్కా. బొట్టు లేందే కదా సమస్య, పెట్టు. అమావాస్య దాకా టైమిస్తన్నా. ఆలోగా అన్నిటికీ పెట్టెయ్. ఆ తర్వాత బొట్టు లేకుండా కనబడిందల్లా విషప్పామే" అన్నాడు. ఆయన నిజంగానే ఆమెకు సాయం చేశాననుకున్నాడు.

ఆమె గిన్నె పట్టుకుని తిరిగింది. కుబుసం విడిచే పాముకు కంటికి పొర కమ్ముతుంది, చీకట్లో ముడుచుకుని పడుంటుంది, ఎవరు తట్టినా రాదు. ఇక్కడ ఒకదానికి పెట్టేసరికి అక్కడ ఒకటి విడిచేది. రాళ్ల సందుల్లో గుడ్లు పగిలి, జానెడు పిల్లలు బయటికొచ్చాయి. పుట్టీపుట్టగానే వాటి తల మీద బొట్టెక్కడి నుంచి వస్తుంది? చీపురుకట్ట పెట్టి చితక్కొట్టి, చెత్తతో పాటు ఎత్తి పోశారు. సున్నానికి ఆమె బొటనవేలు పుండు పడింది. ఆ పుండుతోనే బొట్లు పెట్టింది. మొండోడికి మాత్రం ఏనాడూ తప్పలేదు. తట్టగానే వచ్చి తల చాపేవాడు. పుండు సలుపుతుంటే ఆమె ఏడుస్తూ పెట్టేది. మిగతావన్నీ పోయినా వీడొక్కడు మిగిలితే చాలునని అప్పటికామె దేవుడితో బేరానికి దిగింది.

ఎండాకాలం మొదట్లో ఊళ్లో వెల్లలు మొదలయ్యాయి. వెల్ల వేసే అతను నిచ్చెన మీద నిలబడి కుంచె ఆడిస్తుంటే సున్నపు చినుకులు గోడ వారగా పడేవి. గోడ వార రాళ్ల కింద పడుకున్న ఒక కట్లపాము తల మీద కూడా ఒక చినుకు పడి ఎండిపోయింది. మర్నాడు పొద్దున్నే అతను నిచ్చెన కుదురుగా ఆనించడానికి రాయి తీశాడు. పాము కనబడింది. ఉలిక్కిపడ్డాడు. తెల్లగా కనబడేసరికి నవ్వుకుని, చేత్తో పక్కకు తోశాడు.

అది వేలి మీద కాటేసింది. నొప్పి కూడా లేదన్నాడతను. ఇంకో గోడ పూర్తిచేశాడు. పొద్దెక్కేసరికి రెప్పలు వాలిపోతున్నాయని, నిద్దరొస్తోందని చెప్పి చెట్టు కింద కూర్చున్నాడు. ఊపిరి అందనప్పుడు బండి కట్టి టౌను దారి పట్టించారు గాని, సగం దారిలోనే పోయాడు.

చంపి తెచ్చిన పామును కట్టెలక్క ముందు పడేశారు. ఆమె వంగి చూసింది. "ఇది కట్లపాము. నేను పెట్టిన బొట్టు కాదిది. నా వేలి బొట్టు గుండ్రంగా ఉంటది. ఇది కుంచె చినుకు. చూడండి, అంచు సాగింది" అంది.

మేస్త్రీ కళ్లు ఎర్రగా ఉన్నాయి. పోయినవాడు ఆయనకు బావమరిది. "తెల్లగా ఉందా లేదా?" అన్నాడు.

"ఉంది గాని..."

"ఉంది. అది చాలు. బొట్టు లేంది ఎట్టాగూ నమ్మరాదు. బొట్టు ఉన్నదాన్నీ నమ్మరాదని ఇయ్యాల తేలింది. ఇంక ఈ ఊళ్లో పాకేది ఒక్కటీ కనబడకూడదు."

ఆమె ఆయన కాళ్ల మీద పడబోయింది. ఎవరో పక్కకు లాగారు. ఆ రోజు నుంచి చూరులో కర్రలన్నీ కిందికి దిగాయి.

మూడు రోజుల్లో ఊరు ఊరంతా గాలించేశారు. పందిళ్లు పీకారు, మురుగులో వేడినీళ్లు పోశారు. చిన్న దొంతులు విప్పి విప్పి కొట్టారు. పెద్ద దొంతి మాత్రం మిగిలింది. అది విప్పితే మళ్లీ పేర్చడానికి నెల పడుతుంది, బట్టీలు ఆగిపోతాయి. ఈలోపు కట్టెలక్క తెల్లవారుతూనే వెళ్లి తట్టి, మొండోణ్ణి బుట్టలో పెట్టుకుని గుట్ట అవతల వాగు దాకా మోసుకెళ్లి వదిలింది. "ఇటు రాబాక నాయనా. నీకు దండం పెడతా" అని నిజంగానే దండం పెట్టింది. రెండో రోజు సాయంత్రం దొంతి అంచున తోక తెగిన ఒళ్లు కనబడింది. ఆమె మళ్లీ మోసుకెళ్లింది. ఈసారి వాగు దాటించి వదిలింది. నాలుగో రోజుకు మళ్లీ వచ్చాడు. ఇల్లు అక్కడుంటే ఎక్కడికి పోతాడు? మనిషిని చూసి పారిపోయే భయం ఒకప్పుడు వాడికి ఉండేది. ఆ భయాన్ని బొటనవేలితో కొంచెం కొంచెంగా తుడిచేసింది తనేనని ఆమెకు అప్పుడు అర్థమైంది. ఆ అర్థం కావడం ఆమెను లోపలి నుంచి తినేసింది.

దొంతి విప్పకుండా పామును బయటికి రప్పించే దారి మేస్త్రీకి కోడలే చెప్పింది. ఆమెకప్పుడు తొమ్మిదో నెల. కట్టె కోసం వెళ్లి దొంతి మీద పాకుతున్న మొండోణ్ణి చూసి, వెల్ల వేసే అతని శవం గుర్తొచ్చి, అక్కడే కడుపు పట్టుకుని కూర్చుండిపోయింది. "ఇవతల మూడుసార్లు తడితే అవతల దిగుద్ది బాబాయ్. మా అత్త అట్టాగే చేస్తది" అని చెప్పింది. చెప్పాక అత్త ముఖం చూడలేక లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

కట్టెలక్క కోడల్ని ఒక్క మాట అనలేదు. పరుగున దొంతి దగ్గరికి వెళ్లింది. అప్పటికే ఊరంతా అక్కడుంది. నట్టనడి పొద్దు. అవతలి వైపు మేస్త్రీ కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఇవతలి వైపు ఒకడు చెక్కముక్క అందుకున్నాడు. లోపలున్నవాడికి ఎట్లా చెప్పాలి? వాడికి తెలిసిన మాట ఒక్కటే, ఆ మూడు దెబ్బలే. అవి తను కొట్టినా వాడు కర్ర కిందికే వస్తాడు. "రాబాక!" అని గొంతు చిరిగేటట్టు అరిచింది. పాముకు మనిషి అరుపు ఏం తెలుస్తుంది? ఇద్దరు ఆడవాళ్లు ఆమె రెక్కలు పట్టుకున్నారు.

తట్టేవాడు మూడుసార్లు తట్టాడు.

లోపల ఏదో జారిన చప్పుడైంది. మొండోడు అవతలి వైపు నుంచి దిగి వచ్చాడు. ఆ పొద్దునే కుబుసం విడిచినట్టున్నాడు, ఒళ్లు ఎండలో కొత్త ఇత్తడిలా మెరుస్తోంది, తల మీద బొట్టు లేదు. అక్కడ అంతమందిని చూసి పారిపోలేదు. మేస్త్రీ కాళ్ల ముందు ఆగి, తల కొంచెం పైకెత్తి, ముందుకు చాపాడు.

మేస్త్రీ చెయ్యి గాల్లోనే ఆగింది. పారిపోని పామును ఆయన ఎప్పుడూ చూడలేదు. అసలు పామును అంత దగ్గరగా, అంతసేపు చూడటమే అది మొదటిసారి. దాని కన్ను గుండ్రంగా ఉంది. నోరు మూసుకునే ఉంది. ఆయన తలెత్తి కట్టెలక్క వైపు చూశాడు, ఏదో అడగబోయేవాడిలా. మునుపటి రోజుల్లో అయితే అడిగేవాడే. కాని ఊరంతా ఆయన్నే చూస్తోంది. చచ్చిపోయిన బావమరిది పెళ్లాం ముందువరసలో నిలబడి ఉంది.

కర్ర దిగింది. ఒక్క దెబ్బ సరిపోయింది.

ఆ తర్వాత ఆ ఊళ్లో పాము కనబడలేదు. కోడలికి మగపిల్లాడు పుట్టాడు. కట్టెలక్క మళ్లీ దొంతులు పేర్చింది. తట్టడం మాత్రం మానేసింది. మాట్లాడటం కూడా దాదాపు మానేసింది. బిడ్డను ఒళ్లో వేసుకుని కూర్చునేది, వాడి తల మీది మెత్తని చోటు మీద బొటనవేలు ఆనించబోయి, చటుక్కున వెనక్కు తీసుకునేది.

ఏడాది తిరిగింది. కొత్త బట్టీలు లేచాయి. పనికి దూరం నుంచి కొత్త మనుషులు వచ్చి, గుట్ట పక్కన గుడిసెలు వేసుకున్నారు. వాళ్ల మాట వేరు, కట్టు వేరు. అదే సమయంలో ఊళ్లో బస్తాలకు చిల్లులు పడటం మొదలైంది. వడ్లు తరిగిపోతున్నాయి, గుడ్డలు ముక్కలవుతున్నాయి. కొత్తవాళ్ల పనేనని ఒకరన్నారు. మర్నాటికి అందరూ అన్నారు.

"ఎలకలు" అంది కట్టెలక్క. చాన్నాళ్లకు ఆమె నోట వచ్చిన మాట అది. ఎవరూ వినిపించుకోలేదు.

ఒకరోజు ఉదయం ఆమె బిడ్డకు నీళ్లు పోసి, తడి తుడిచి, ఉయ్యాల్లో పడుకోబెట్టింది. తనూ స్నానం చేసి వచ్చి కూర్చుంది. అప్పుడు తలుపు మీద ఎవరో మూడుసార్లు తట్టారు.

తలుపు తీస్తే గుమ్మంలో మేస్త్రీ ఉన్నాడు. ఆయన వెనక ఊళ్లోవాళ్లున్నారు. ఒక చేతిలో సున్నపు గిన్నె, ఇంకో చేతిలో కర్ర. ఆయన ముఖం ప్రశాంతంగా, ఆప్యాయంగా ఉంది.

"మనోళ్లెవరో కానోళ్లెవరో తెలియకుండా ఉందక్కా. మంచోళ్లకు నుదుటి మీద ఒక గుర్తుంటే గొడవుండదనుకున్నాం. ఈ పద్ధతి మాకు నేర్పింది నువ్వు. అందుకే మొదటి బొట్టు నీకే" అన్నాడు.

ఆమె గిన్నె వైపు చూసింది. చిక్కగా నూరారు, తుమ్మబంక కూడా కలిపారు. కర్ర వైపు చూసింది, ఆ కర్ర ఆమెకు తెలుసు. వెనక్కు తిరిగి ఉయ్యాల వైపు చూసింది. ఇప్పుడే నీళ్లు పోసిన నుదురుతో, ఏ గుర్తూ లేకుండా, పిల్లాడు హాయిగా నిద్రపోతున్నాడు.

చెప్పాలంటే ఆమెకు తెలిసిన మాట ఒకటుంది. ఆ ఎలుకల మాట ఒకసారి చెప్పింది, ఎవరూ వినలేదు. మేస్త్రీ గిన్నెలో బొటనవేలు ముంచి ఎదురుచూస్తున్నాడు.

ఆమె గడప దిగి, ఆయన కాళ్ల ముందు ఆగి, తల కొంచెం పైకెత్తి, ముందుకు చాపింది.